ఊడిపోయిన ‘రు’

ఫిబ్రవరి 24, మంగళవారం. ఉదయం 6

బయలుదేరాను. సువార్త వ్యాను, పరిశుద్ధ గ్రంథం, నేను. అక్క ఊరికి ఆరు వందల కిలోమీటర్లు. నలభై దాటితే వ్యాను వణుకుతుంది. నాలుగు రోజులు పట్టవచ్చు.

బావ రాసిన కార్డు గ్రంథంలో ఉంది. శనివారం మీ అక్క రిటైరవుతోంది, రాదలుచుకుంటే మైకు విప్పేసి రా. అంతే.

ఆరేళ్లుగా అక్క నాతో మాట్లాడదు. మీ బావ తాగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ప్రార్థన చెయ్యరా తమ్ముడూ అని ఏడ్చి చెప్పుకుంటే, ఆ ఆదివారమే సభలో మైకులో దాన్ని దృష్టాంతంగా వాడాను. పేరు చెప్పలేదు. నా తోబుట్టువు అన్నాను. నాకున్నది ఒకే ఒక్క అక్క.

అయినా తప్పు నాది కాదు. సత్యం సత్యమే. గ్రంథంలోంచి పద్నాలుగు రిఫరెన్సులు రాసుకున్నాను. గుమ్మంలోనే చదివి వినిపిస్తాను.

సాయంత్రం

పంక్చర్. షాపువాడు వ్యాను వెనక తలుపుకున్న స్టెప్నీ తీసి బిగించాడు. వాడికి పాపం గురించి ఇరవై నిమిషాలు చెప్పాను. ఆలోగా ఇంకో ముగ్గురి టైర్లు బాగుచేసుకున్నాడు.

ఫిబ్రవరి 25, బుధవారం

అద్భుతమైన రోజు. జనం దేవుని వాక్యం కోసం అలమటిస్తున్నారు.

పొద్దున ఒక లారీ డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి నన్ను ఆపాడు. పరుగెత్తుకొచ్చి, ఏమైంది పెద్దాయనా, ధైర్యంగా ఉండండి అన్నాడు. ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. మారుమనస్సు గురించి చెబితే తల ఊపుతూ విన్నాడు. వెళ్తూ భుజం తట్టి, అన్నీ సర్దుకుంటాయి అన్నాడు.

మధ్యాహ్నం బైకు మీద భార్యాభర్తలు. ఆమె సంచిలోంచి ఆపిల్ పళ్లు తీసి చేతిలో పెట్టింది. మా ఆయన కూడా పోయినేడు ఇలాగే అయిపోయాడండీ, ఇప్పుడు చూడండి, దున్నపోతులా ఉన్నాడు అంది. ఆయన సిగ్గుపడ్డాడు.

ఇరవై ఏళ్ల పరిచర్యలో ఇలా ఎప్పుడూ జరగలేదు. అంతా వ్యాను వెనక నా చేత్తో ఎర్రరంగుతో రాసుకున్న హెచ్చరిక మహిమ. “ఆగండి. నశించిపోతున్నారు.”

ఫిబ్రవరి 26, గురువారం

డ్యూటీ దిగి వెళ్తున్న ఒక నర్సమ్మ స్కూటర్ అడ్డం పెట్టి ఆపింది. నోరు తెరవనివ్వలేదు. బీపీ చూసింది. ఎక్కువగానే ఉందట. ఇంట్లో ఎవరున్నారు అంది. ఎవరూ లేరు, ఒక అక్క ఉంది అన్నాను. మరి ఆవిడకి ఫోన్ కొట్టండి అంది. మాట్లాడదమ్మా అన్నాను. ఎందుకు అంది.

చెప్పాను. రిఫరెన్సులు లేకుండా. కల్వర్టు గోడ మీద కూర్చుని, మైకు సంగతితో సహా.

నర్సమ్మ బీపీ మెషిన్ మడిచి సంచిలో పెట్టుకుంది. పాపం ఆవిడ, అంది.

పాపం అన్న మాటను ఇరవై ఏళ్లుగా గొంతు చించుకుని వాడుతున్నాను. ఇలా ఒక్కసారి కూడా వాడలేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం. మధ్యాహ్నం 12

పెట్రోల్ బంకులో ఒక రిటైర్డు తెలుగు టీచరమ్మ వ్యాను వెనక నిలబడి తనలో తాను నవ్వుకుంటోంది. మీరెందుకు నశించిపోతున్నారు నాయనా అని అడిగింది. నేను కాదు, మీరు అన్నాను. అలా రాయలేదే అంది.

వెళ్లి చూశాను. రాసిన రోజున చోటు చాలక చివరి అక్షరం స్టెప్నీ కవరు మీద వేశాను. కవరు పంక్చర్ షాపులో ఉండిపోయింది. దానితో పాటు ‘రు’ కూడా.

“ఆగండి. నశించిపోతున్నా.”

మూడు రోజులుగా రోడ్డంతా చదివింది ఇదే. లారీ డ్రైవర్ విన్నది ప్రసంగం కాదు, నా గోడు.

సిగ్గుతో చచ్చాను. టీచరమ్మ మాత్రం, ఒక్క అక్షరం ఊడగానే మధ్యమ పురుష కాస్తా ఉత్తమ పురుష అయింది, అదృష్టవంతులు అని పడీపడీ నవ్వింది. కాసేపటికి నేనూ నవ్వాను. బంకు కుర్రాళ్లకు అర్థం కాకపోయినా నవ్వారు.

ఎర్ర పెయింటు ఉంది, దిద్దుకోండి అన్నాడు బంకు మేనేజర్. టైము లేదన్నాను. అబద్ధం. బోలెడు టైము ఉంది.

నాలుక గురించిన వాక్యం మీద నలభై సార్లు ప్రసంగించి ఉంటాను. నలభై సార్లూ పక్కవాడి నాలుకే.

సాయంత్రం 5

అక్క గేటు దగ్గరే ఉంది. జుట్టు తెల్లబడింది. బావ వెనక నిలబడ్డాడు, నున్నగా గడ్డం గీసుకుని. రిఫరెన్సుల కాగితం జేబులోనే ఉంచాను. నువ్వు నాకు చెప్పుకున్న ఏడుపు నేను ఊరికి పంచానక్కా, తప్పు నాది అన్నాను. బావకూ అదే చెప్పాను. మైకు లేకుండా ఇంత చిన్న గొంతా నాది.

అక్క బావ వైపు తిరిగి, బండి రోడ్డు మీద ఉంటే ఎవడైనా గుద్దుతాడు, లోపల పెట్టమనండి అంది. నాతో కాదు.

మార్చి 1, ఆదివారం

నిన్నటితో రిటైరైన అక్క ఇవాళ నాతోనే మాట్లాడుతోంది. పొద్దున ఏడింటికి మొదలుపెట్టింది తిట్టడం, ఇప్పుడు పదకొండు. ఆరేళ్ల బాకీ. బావ మధ్యలో రెండుసార్లు టీ పెట్టాడు. నేను ఆమేన్ అంటున్నాను.