నీలిగంట రాసిన అభిప్రాయాలు

ఆగస్టు 3, సోమవారం

నాగిసాకి ఇవాళ కూడా ఒక్క స్టారే. మధ్యాహ్నం ఒంటిగంటన్నర సీరియల్‌లో చెల్లెలి వేషం నా కూతురిది. అక్కగా వేసినామె ప్రాణం పెట్టి నటిస్తుంటే చెల్లెలు చెక్కబొమ్మలా నిలబడిందని ప్రేక్షకుల పేజీలో ఒకడు రాశాడు. దానికి రెండొందల లైకులు. వీళ్ళ నోళ్ళు పడిపోను! ఎప్పట్లాగే "నీలిగంట" పేరుతో ఐదు స్టార్లు పెట్టాను.

ఆగస్టు 9, ఆదివారం

నాగిసా టోక్యో నుంచి ఫోన్ చేసింది. గురువారం అక్క పెళ్ళి కిమోనో మడతపెడుతూ ఏడ్చే సీన్ వస్తుందట. పన్నెండు టేకులట. ఆఖరిది అయ్యాక లైట్లవాళ్ళు కూడా నోరెత్తలేదట. అక్టోబరు సీరియల్‌లో పెద్ద వేషం ఆ సీన్ చూశాకే తేలుస్తారట. ఇదొక్కటైనా సరిగ్గా చూడమ్మా, బాగోకపోతే తిట్టు అంది. చూస్తాలేవే అన్నాను.

నేను సీరియల్ చూడటం లేదు. మొదటిరోజు ఐదు నిమిషాలు చూసి కట్టేశాను. నాకూ చెక్కబొమ్మలాగే అనిపించింది. అప్పట్నుంచీ అది ఫోన్లో చెప్పిన సీన్లను బట్టి ముందే రాసిపెట్టుకుని, రెండు గంటలకి పంపేస్తున్నాను.

ఆగస్టు 13, గురువారం

ఒబోన్ పండగ రద్దీ. నేను పనిచేసే కొట్టు వెనక గదిలో పొద్దుట్నుంచీ బంగాళాదుంప క్రొకెట్లు వేయిస్తూనే ఉన్నాను. ముందువైపు టీవీలో మన అకితా స్కూలు కుర్రాళ్ళ బేస్‌బాల్, ఒకటే అరుపులు. రెండు కాగానే చెయ్యి తుడుచుకుని పంపేశాను: "కిమోనో మడతపెడుతూ చెల్లెలు ఏడుస్తుంటే నా గుండె చెరువైంది."

అదే రోజు, నాలుగింటికి

మ్యాచ్ అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్ళిందట. సీరియల్ రెండున్నరకి గానీ మొదలే కాలేదట. రెండూ ఒకే ఛానల్. నా బుర్రకి తట్టలేదు.

ఆగస్టు 14

పేజీ నిండా నేనే. రాని సీన్‌కి ముందే ఏడ్చిన ఆ మహాతల్లి ఎవరని అడుగుతున్నారు. పాతవన్నీ తవ్వి తీశారు. నీలిగంట చెల్లెల్ని తప్ప ఎవర్నీ పొగడలేదట. ఏజెన్సీవాళ్ళా, తల్లా అని వాదులాట. తల్లే, ఇంత వెర్రి ప్రేమ జీతానికి దొరకదు అని ఒకడు తేల్చేశాడు. ఏంటి షిజుఎ గారూ, నూనె మాడిపోతోంది అని ఓనరు కుదో గారు కేకేసింది.

ఆగస్టు 17

నాగిసా ఫోన్. అరవలేదు. అరిచినా బాగుండేది. అక్టోబరు వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చేశారట. నీలిగంట నువ్వేనా అంది. నేనే అన్నాను. సరే, సీన్ ఎలా ఉందో అది చెప్పు అంది. చూడలేదన్నాను. ఒక్కసారైనా చూసి పొగిడావా అమ్మా అని అడిగి పెట్టేసింది.

ఆగస్టు 20

రికార్డింగ్ చూశాను.

అది ఏడవలేదు. మడత కుదరక విప్పింది, మళ్ళీ మడిచింది, అరచేత్తో నున్నగా నిమిరింది. అలా నిమిరేది నేను. నన్ను చూసి నేర్చుకుంది. కన్నీళ్ళు ఆ తర్వాతెప్పుడో, అదీ రెండే చుక్కలు. అయ్యో నా తల్లీ, ఎంత బాగా చేశావే! నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఆగస్టు 28

సీరియల్ అయిపోయింది. చెల్లెలు కిమోనోని నిమిరిన తీరు ఇంకా కళ్ళలోంచి పోలేదని, చనిపోయిన వాళ్ళమ్మ గుర్తొచ్చిందని హిరోషిమా నుంచి ఎవరో రాశారు. ఐదు స్టార్లు. దాని కింద పన్నెండు మంది, దండాలు అమ్మగారూ, మళ్ళీ వచ్చారా అని రాశారు.

అది రాసింది నేను కాదు.