రాతి అరుగు జెనెపి

జూలై 9

మోకాలు ఈ ఏడాది కూడా కొండ వద్దంటోంది. కిటికీలోంచి చూస్తే మంచు వెనక్కి తగ్గి నల్లరాయి బయటపడింది. ఇంకొన్నాళ్ళలో జెనెపి పూతకు వస్తుంది. వేలెడంత మొక్క, బూడిదరంగు ఆకు, పసుపు మొగ్గ. దాన్ని నీడలో ఎండబెట్టి, మూతపెట్టిన జాడీలో ఆల్కహాల్‌కు తగలకుండా పైన వేలాడదీయాలి. దాని ఊపిరి మాత్రమే కిందికి దిగాలి. అలా తయారయ్యే మద్యాన్నీ జెనెపి అనే అంటాం. మొక్కను నేరుగా ముంచేసేవాళ్ళు కూడా మా లోయలో ఉన్నారు. వాళ్ళతో నాకు తగాదా లేదు. విరామచిహ్నాలు లేకుండా ఉత్తరాలు రాసేవాళ్ళను ఎలా సహిస్తానో వాళ్ళనూ అలాగే సహిస్తాను.

మా నాన్న నాకు కొండ మీద ఈ మొక్క పెరిగే ఒక రాతి అరుగు చూపించాడు. ఇంకెవరికీ చూపించలేదు. మూడేళ్ళ కిందట, నడవలేని రోజు వచ్చినప్పుడు, నేనూ ఒక్కరికే చూపించాను: నా భార్య లెయోనీ తమ్ముడు ఆన్సెల్మ్‌కు. షరతు ఒక్కటే. నా మనవరాలు డెల్ఫీన్‌కు పద్దెనిమిది నిండగానే ఆమెను అక్కడికి తీసుకువెళ్ళాలి. అంతవరకు ఏటా కత్తెరతో కోసి, వేరు కదపకుండా, నా కట్ట నాకు తెచ్చివ్వాలి. ఇస్తున్నాడు. మనిషి మాట మీద నిలబడేవాడు.

ఆగస్టులో డెల్ఫీన్‌కు పద్దెనిమిది.

జూలై 21

ఆన్సెల్మ్ వచ్చాడు. డెల్ఫీన్‌ను ఎప్పుడు తీసుకువెళతావని అడిగాను. పైన ఇంకా మంచు ఉంది బావా, తొందరేముంది, అరుగేమైనా కాళ్ళొచ్చి లేచిపోతుందా అన్నాడు. ఆ మాట అనడంలోనే రెండు వ్యాకరణం తప్పులు చేశాడు. బడిపంతులు అలవాటు కొద్దీ సరిదిద్దాను. నీ ముందు నోరు విప్పాలంటే స్నానం చేసి రావాలి బావా అని నవ్వాడు. లెయోనీ కూడా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది.

నిరుటి సీసాలోంచి అతనికి ఒక చిన్న గ్లాసు పోశాను. అరుగు ముదిరేకొద్దీ దాని రుచి నునుపెక్కుతోందనీ, చేదు తగ్గి తేనెవైపు మొగ్గుతోందనీ, మా నాన్న కాలంలో ఇంత మృదువుగా ఉండేది కాదనీ వివరించాను. ఆన్సెల్మ్ శ్రద్ధగా విన్నాడు. నువ్వు చెబితేగాని మాకు తెలీదు బావా అన్నాడు.

ఆగస్టు 2

డెల్ఫీన్ కొండ మీది పచ్చిక బయళ్ళ నుంచి ఫోన్ చేసింది. ఆవులను విడిచి పండుగకు గాని దిగడం కుదరదట. కొత్త బూట్లు కొనుక్కుందట.

ఆగస్టు 5, సాయంత్రం 6 గంటలు

కోటు కూడా విప్పలేదు. ముందు ఇది రాస్తాను.

మందుల షాపు నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. ఆన్సెల్మ్ పూటకూళ్ళ ఇంట్లోకి దూరాను. అతను లేడు. అతని కోడలు రోజీన్ నా కోటు తీసి పొయ్యి దగ్గర ఆరేసింది. తడిసి ముద్దయ్యారు మాస్టారూ, ఒక గుక్క వేసుకోండి అంటూ అలమారలో వెనక ఉన్న, లేబుల్ లేని సీసా తీసింది.

మొదట చేదు. నాలుక మొదట్లో నిలబడి కదలని చేదు. దాని వెనక చల్లదనం. మింగాక, తొలిమంచు పడిన పలకరాతి వాసన. నేను పదిహేనేళ్ళవాణ్ణయి మా నాన్న కోటు వెనక నిలబడ్డాను.

అది మా అరుగు. నా ఇంట్లోని సీసాలో మూడేళ్ళుగా ఉన్నది అది కాదు.

ఇదెక్కడిదమ్మా అని అడిగాను. మా మామయ్య కొండ మీంచి తెస్తాడు మాస్టారూ, అసలుది అంది రోజీన్. టూరిస్టులు ఈ గ్లాసు కోసమే మళ్ళీ మళ్ళీ వస్తారు. పొలంలో పండించింది మీలాంటి వారికి పోస్తానా? ఆ పొలందాన్ని పక్క లోయ నుంచి కట్టలకు కట్టలు తెప్పిస్తాడు, చుట్టాలకు పంచడానికి.

పాపం, ఆ పిల్లకేమీ తెలియదు. రెండో గ్లాసు కూడా పోసింది. తాగాను.

ఆగస్టు 6

ఆన్సెల్మ్‌ను నిలదీశాను. అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు. అదే ఎక్కువ బాధించింది.

అరుగంతా కోస్తే రెండు సీసాలకు మించి రాదు బావా అన్నాడు. నాకు ఇల్లు నడవాలి. నీకు పింఛను ఉంది, పుస్తకాలున్నాయి. పొలందైనా జెనెపి జెనెపియే కదా. డెల్ఫీన్ సంగతేమిటన్నాను. చిన్నపిల్లకెందుకు ఆ రాళ్ళు అన్నాడు. నీ మాట సంగతేమిటన్నాను. అప్పుడు నా కళ్ళలోకి చూసి అడిగాడు: మూడేళ్ళు తాగావు, ప్రతి క్రిస్మస్‌కీ అందరికీ పోసి ఉపన్యాసం ఇచ్చావు. నీకు తేడాయే తెలియనప్పుడు నీకేం పోయింది బావా?

నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. టోపీ తీసుకుని బయటకు వచ్చేశాను.

ఇంటికి వచ్చి లెయోనీకి చెప్పాను. ఆమె బంగాళాదుంప తొక్క తీయడం ఆపలేదు. నాకు మొదటి ఏడాదే తెలిసింది అంది. నువ్వంత మురిసిపోతూ తేనె అంటుంటే నోరెలా వస్తుంది? వాడు నా తమ్ముడాయె.

నిన్న పోయింది ఒక అరుగే అనుకున్నాను.

ఆగస్టు 7

సీసాలో మిగిలినది సింక్‌లో పోశాను. వాసన రోజంతా వంటగదిలోనే ఉంది. మంచి వాసనే.

ఆగస్టు 16, రాత్రి

ఊరి దేవుడు సెయింట్ రోక్ పండుగ. హాలు నిండా జనం. పొలెంటా అనే మొక్కజొన్న సంకటి, జున్ను, అకార్డియన్ పాటలు. డెల్ఫీన్ దిగివచ్చింది. ఎండకు తోలు ఊడిన ముక్కుతో నా పక్కనే కూర్చుంది. ఆమెకు ఇంటికి వెళ్ళాక నెమ్మదిగా చెప్పాలనుకున్నాను. అలా చేసి ఉండవలసింది.

ఏటా ఉన్న ఆచారమే, నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. లేచాను. ఎదురు బల్ల దగ్గర ఆన్సెల్మ్ తన సీసాలోంచి ఫాదర్‌గారికి పోస్తూ, ఇది దొరికే చోటు దేవుడికీ నాకూ తప్ప తెలీదు ఫాదర్ అంటున్నాడు. అది విన్నాను. ఇక నాకు వద్దు, వాడికీ వద్దు, అందరిదీ అయిపోనీ అనిపించింది.

చెప్పేశాను. వంతెన దాటాక ఎడమవైపు రాళ్ళగుట్ట, దాని పైన గొర్రెల బాట విడిపోయే చోటు, ఎర్రమచ్చ ఉన్న బండ, దాని కింద ఈశాన్యానికి తిరిగిన అరుగు. ఒక్క వివరం విడవకుండా, ఒక్క వాక్యం తడబడకుండా చెప్పాను. మా నాన్న అరవై ఏళ్ళు దాచినదాన్ని నోటి నిండా చెప్పాను. ఆన్సెల్మ్ ముఖం తెల్లబడింది.

హాలంతా ఘొల్లున నవ్వింది.

మా లోయలో జెనెపి ఎక్కడ కోశావని అడిగితే ఎవరైనా ఎదురు కొండ చూపిస్తారు. మా నాన్న అలాగే చూపించేవాడు. నేనూ యాభై ఏళ్ళు అలాగే చూపించాను. చోటు చెప్పినవాడు అబద్ధం చెప్పినట్టేనని ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. కోపంలో నాకొక్కడికే గుర్తులేదు. రొట్టెల బట్టీ గాస్టోన్ కళ్ళు తుడుచుకుంటూ, మేం రెండు ముక్కల్లో ఆడే అబద్ధాన్ని మాస్టారు ఎర్రమచ్చతో సహా చెప్పారర్రా అన్నాడు. అయితే అసలుది ఎదురు కొండ మీద ఉందన్నమాట అని ఒకామె అరిచింది. మళ్ళీ నవ్వులు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆన్సెల్మ్. రంగు తిరిగి వచ్చింది అతని ముఖానికి.

ఆగస్టు 17

తెల్లవారకముందే సగం ఊరు ఎదురు కొండ ఎక్కింది.

ఆగస్టు 19

నిన్న నేను నిద్ర లేచేసరికి డెల్ఫీన్ ఇంట్లో లేదు. పుట్టినరోజు కానుకగా ఆన్సెల్మ్ ఆమెను కొండకు తీసుకువెళ్ళాడట. ఎదురు కొండకు.

సాయంత్రం వచ్చింది. చేతిలో పిడికెడు జెనెపి, కళ్ళనిండా వెలుగు. చిన్న తాతయ్య మన అరుగు చూపించాడు అంది. కత్తెరతోనే కోశాను తాతయ్యా, వేరు కదల్లేదు.

ఇది మనది కాదమ్మా అన్నాను. పండుగనాడు నేను చెప్పినదే మన చోటు.

నవ్వింది. ఊరందరినీ ఆడించావు సరే, నన్ను కూడానా తాతయ్యా?

కూర్చోబెట్టి అంతా చెప్పాను. రోజీన్ పోసిన గ్లాసు, పొలం కట్టలు, మూడేళ్ళు. ఆమె నవ్వు ఆగింది. తర్వాత, ఎంతో మెత్తగా, మూడేళ్ళు పొలందాన్ని అరుగుదన్నావు, ఇప్పుడు అరుగుదాన్ని కాదంటున్నావు, నీ నాలుకకు ఈ మధ్య బాగోలేదేమో తాతయ్యా అంది. నన్ను నొప్పించకూడదని ఎంచి ఎంచి మాట్లాడింది. ఆ జాగ్రత్త చూడలేకపోయాను.

నానమ్మా, నువ్వు చెప్పు అని లెయోనీ వైపు తిరిగింది.

లెయోనీ నన్ను చూసింది. పిల్ల చేతిలోని కట్టను చూసింది. మీ చిన్న తాతయ్య చూపించాడు కదే అంది.

ఆగస్టు 20

డెల్ఫీన్ తన కట్టను జాడీలో వేలాడదీసింది. ఎక్కడా తగలకుండా, నేను నేర్పినట్టే. నా కన్నా నేర్పుగా.

అక్టోబర్ 4

వడకట్టింది. లేత ఆకుపచ్చ. మొదటి గ్లాసు నాకు.

లేబుల్ నా చేతిరాతతోనే ఉండాలని పట్టుబట్టింది. ‘మా ముత్తాత అరుగు’ అని రాయమంది.

రాశాను. లెయోనీ పక్కన నిలబడి సిరా ఆరేదాకా ఊదింది.