బ్రాకెట్లో నవ్వులు

అక్కా,

నీ మోకాలు ఎలా ఉంది? నా సంగతంటావా, నిన్న కోర్టులో నా మాటలు నాకే చదివి వినిపించారు.

ఒక బస్సు కండక్టరు ఉద్యోగం పోయింది. ముప్ఫై రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి, ఒక్క రోజు దాటినా ఎవరూ వినకూడదని చట్టం. ఆవిడ ముప్ఫై నాలుగో రోజున వచ్చింది. మధ్యలో పన్నెండు రోజులు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉందట. ఆ షరతే చెల్లదని ఇప్పుడు కేసు, వినాల్సిన జడ్జిని నేను. అది రాసింది నేనే, పదహారేళ్ళ కిందట, న్యాయశాఖ మంత్రిగా ఉన్నప్పుడు.

చట్టం ఎందుకు చేశారో తేల్చడానికి ఆనాడు సభలో ఏం మాట్లాడారో చదవడం మా దగ్గర మామూలే. ఆవిడ వకీలు కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. జబ్బు పడ్డవాళ్ళ గతేమిటని ప్రతిపక్ష సభ్యుడు అడిగితే, మంత్రిగారి జవాబు: "నిద్రపోయేవాళ్ళని లేపడానికి చట్టం అలారం గడియారం కాదండీ." తర్వాత అదే గొంతుతో, "బ్రాకెట్లో, నవ్వులు," అన్నాడు. రికార్డులో అలాగే ఉంది మరి. మంత్రి పేరు మాత్రం చదవలేదు, మర్యాదకో, తెలియకో. కోర్టులో ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో కండక్టరు తలకి కట్టుకున్న గుడ్డ సర్దుకుంటోంది.

ఆ రోజు సభకి నువ్వూ వచ్చావు, పైన సందర్శకుల వరసలో కూర్చున్నావు. అందరూ బల్లలు చరిచారు, నువ్వు నవ్వలేదు. కారులో తలనొప్పి అన్నావు. ఆపరేషన్ వార్డులో పాతికేళ్ళు నర్సుగా చేసినదానివి, అది తలనొప్పి కాదని నాకు అప్పుడే తెలుసు. అడగలేదు. ఆనాటి నుంచి నా దగ్గర వార్డు కబుర్లు చెప్పడం మానేశావు. నాకది బాధే. ఇన్నాళ్ళూ పైకి అనలేదు, అంతే.

ఫైలు ఇంకో జడ్జికి పంపేస్తున్నాను. కారణం రాయక్కర్లేదు, ఒక్క వాక్యంతో తప్పుకోవచ్చు.

నీ వాగుడుకాయ

*

ఒసే వాగుడుకాయా,

మోకాలు అలాగే ఏడుస్తోంది. తలనొప్పి అబద్ధమే. ఆ పొద్దున మా వార్డులో ఒకాయన తొమ్మిది రోజుల తర్వాత కళ్ళు తెరిచి, ఇవాళ ఏం వారమని అడిగాడు. సాయంత్రం నువ్వా మాటన్నావు. చెబుదామనుకున్నా. నువ్వు అంత సంబరపడుతుంటే నోరు రాలేదు. ఆ తర్వాత చెప్పబుద్ధి కాలేదు.

తప్పుకోవడం, ఉండడం మీ కోర్టు పద్ధతులు, నాకు తెలీవు. కానీ కారణం చెప్పకుండా మాత్రం జారుకోకే. ఆ మాట మైకులో అన్నావు, ఈ మాట గుసగుసగా చెప్పి వచ్చేస్తావా?

అక్క

*

అక్కా,

తప్పుకునే కాగితం చించేశాను. సోమవారం బెంచి మీద కూర్చోగానే చెప్పాను: "ఆ మంత్రిని నేనే. నేను వినకూడదని మీలో ఎవరికున్నా ఇప్పుడే చెప్పండి." ప్రభుత్వ వకీలు గొంతు సవరించుకుని, అభ్యంతరం లేదన్నాడు. కండక్టరు వకీలు వెనక్కి తిరిగి ఆవిడని అడిగాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "రాసినావిడే వినాలండీ," అంది.

విన్నాను. ఆ షరతు కొట్టేశాను. అప్పీలు తీసుకోమన్నాను. ఉద్యోగం తిరిగి వస్తుందో రాదో ఆ అప్పీల్లో తేలాలి.

సభలో నేనన్న మాట తీర్పులో ఉన్నదున్నట్టు ఎత్తి రాశాను. టైపు చేసే పెద్దాయన తలుపు దగ్గర నిలబడి నసిగాడు. "అమ్మా, ఈ 'నవ్వులు' తీసెయ్యమంటారా? తీర్పులో బాగుండదేమో."

"ఉంచండి," అన్నాను.

దాని కింద ఇంకో వాక్యం చేర్పిద్దామనిపించింది, సందర్శకుల్లో ఒకరు నవ్వలేదని. కానీ రికార్డులో లేనిది తీర్పులో రాయకూడదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం వస్తున్నాను. ఏం వారమని అడిగినాయన తర్వాత ఏమయ్యాడో చెప్పు.

నీ చెల్లెలు