ముద్ద కట్టని అన్నం

ఆళ్లగడ్డ,
18-8-1983

చిరంజీవి వాసవాంబను అత్త మహానందమ్మ దీవించి రాయు సంగతులు. ఇక్కడ మీ మామ, నేను తింటున్నాం, తిరుగుతున్నాం, క్షేమమనే అనుకో. నంద్యాలలో అన్నయ్య, వదిన, నువ్వు బాగున్నారని నీ జాబు చూసి నెమ్మదించాను. కార్డు కాకుండా ఇన్లాండు రాశావు, మంచి పని చేశావు. కార్డయితే పోస్టుమ్యానూ చదువుతాడు, అంగడి దగ్గర కూర్చున్న నలుగురూ చదువుతారు.

ముందు అన్నం సంగతి. నువ్వు వండితే రోజూ ముద్దవుతోందని, మీ నాయన "ఏందమ్మీ, అన్నం వండినావా, కాగితాలు అంటించేదానికి మైదా ఉడికిచ్చినావా?" అన్నాడని రాశావు. మా అన్న నోరు నాకు తెలియదా! చిన్నప్పుడు నేను వండినా ఇదే ఎగతాళి. అయినా బియ్యం అంగడి ఉన్న ఇంటి కోడలికి అన్నం వండడం రాదంటే నలుగురూ నవ్వుతారు. నేర్చుకోవడానికి నిన్ను రానిస్తే కదా నేను! కొత్త కోడలివి, పైగా సొంత అన్న కూతురివి, కొన్నాళ్ళు సుఖపడనీ అని పొయ్యి దగ్గరికే రానివ్వలేదు. ఆ కొన్నాళ్ళూ గడవకముందే నా బిడ్డ నరసింహం పోయాడు.

చెబుతాను, బాగా విను. మీ నాయన తెచ్చే కొత్త బియ్యంతో నేను వండినా ముద్దే అవుతుంది. ఏడాది నిల్వ ఉన్న సన్నబియ్యం తెమ్మను. కడిగేటప్పుడు బట్టలు ఉతికినట్టు పిసకవద్దు. నీళ్ళు తేరేదాకా మెల్లగా కడిగి కాసేపు నాననివ్వు. చన్నీళ్ళలోనే బియ్యం పోసి పొయ్యి మీద పెట్టడం మీ అమ్మ అలవాటు, అది మానెయ్యి. గిన్నెలో ధారాళంగా ఎసరు పెట్టి, అది బాగా మసిలాక బియ్యం వెయ్యి. అడుగంటకుండా ఒక్కసారి కలిపి, ఇక గరిటె జోలికి పోవద్దు. నీ చేతులు ఊరికే ఉండవని తెలుసు, అందుకే చెబుతున్నా. మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కితే నడుమ సన్నటి పలుకు తగలాలి. ఆ పలుకు ఉండగానే గంజి వార్చి, మంట తీసేసి, నిప్పుల మీద మూతపెట్టి వదిలెయ్యి. అయిందా లేదా అని మాటిమాటికీ మూత తీశావో, పగబట్టినట్టు ముద్దయి కూర్చుంటుంది.

మీ బావకు మెతుక్కు మెతుకు అంటకూడదు. కంచం ముందు కూర్చుని, "మా, ఊదితే ఎగరల్ల" అంటూ నిజంగానే ఊదేవాడు. మీ మామ తిట్టేవాడు. అంగడికి వచ్చినవాళ్ళతో, "మా యమ్మ వండిన అన్నం చూసిరాపోప్పా, ఆ తర్వాత బియ్యం కొను" అనేవాడట. కామెర్లతో మంచం పట్టినప్పుడు డాక్టరు మెత్తగా పిసికి పెట్టమంటే, ఆ గిన్నె గోడవైపు నెట్టేశాడు. నువ్వు బతిమాలి తినిపించబోతే నీమీదా కసిరాడు పాపం, అంత నీరసంలోనూ.

మామ మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. నూనె రాయనివ్వడు. అంగడి తీస్తాడు, కూర్చుంటాడు, బేరం చేసే ఓపిక లేదు. మూటలు మోసే జయరాజే ఇప్పుడు బియ్యం తూచి ఇస్తున్నాడు.

ఒక సంగతి నీకు రాయకుండా దాచాను. పోయిన నెల మీ బావ మాసికం నాడు జరిగింది. వాడికి కొడుకు లేడు, తమ్ముడు లేడు, తండ్రే కొడుక్కి పిండం పెడుతున్నాడు కదా. ఇన్నాళ్ళూ ఆ రోజు వంట మా తోడికోడలు చేసేది. ఈసారి నా బిడ్డకు నేనే వండుతానని పట్టుబట్టాను. పిండానికి మెత్తగా వండాలని తెలియనిదాన్నా? మా మామగారి తద్దినాలకు ఏళ్ళ తరబడి వండాను. ఆ పొద్దు మాత్రం నా చేయి నా మాట వినలేదు. పాత బియ్యం ఏరి, ఎసరు మసిలాక వేసి, పలుకు చూసి వార్చాను. అంత బాగా ఎన్నడూ కుదరలేదు. విస్తట్లో వేస్తే మల్లెమొగ్గల్లా జారింది.

మీ మామ నువ్వులు కలిపి పిడికిట్లో పట్టాడు. ముద్ద నిలవలేదు, వేళ్ళ సందుల్లోంచి దర్భల మీదికి రాలింది. నీళ్ళు చల్లి మళ్ళీ పట్టాడు. మళ్ళీ రాలింది. పురోహితుడు చక్రపాణి స్వామి నావైపు చూశాడు.

"ఏందమ్మా, గంజి వార్చినావా?"

"వార్చినా స్వామీ. వానికి ముద్దన్నం గిట్టదు."

"పిండానికి వార్చకూడదమ్మా. పొడిగా ఉంటే యాడ నిలుస్తాది?" అన్నాడు, కసరకుండానే.

మీ మామ తలెత్తి, "వాడొచ్చి కంచం ముందర కూర్చుంటాడనుకున్న్యావా ఏందే?" అన్నాడు. ఆ మాట అని, పిడికిట్లో మెతుకులు అట్లాగే పట్టుకుని భోరుమన్నాడు. వాడు పోయిన రోజు కూడా నలుగురిలో ఏడవని మనిషి.

లేచి వెళ్ళి వేరే బియ్యం కడిగి, వార్చకుండా, గరిటెతో మెదిపి మెదిపి వండాను. వాడు గోడవైపు నెట్టేసిన అన్నమే అది. పిండం చక్కగా నిలిచింది. కాకి కూడా వెంటనే ముట్టింది. "తృప్తిపడినాడు" అని అందరూ సంతోషించారు.  నా బిడ్డ ఇక లేడని నాకు ఆ పొద్దే తెలిసింది అమ్మీ.

ఇక నువ్వు జాబు చివర అడిగిన మాట. సంవత్సరీకం కాగానే పిలిపించుకో అత్తా, నీ దగ్గరే ఉండిపోతాను అన్నావు. ఎట్లా చెప్పాలో తెలియక ఇంతసేపూ ఏదేదో రాశాను. ఆ మాసికానికి వచ్చిన మీ నాయన, ఆ రోజే నన్ను పెరట్లోకి పిలిచాడు. "ఆత్మకూరులో శ్రీనివాసులని ఉండాడు. గుడ్డల అంగడి. పెండ్లాం పోయి రెండేండ్లాయ. వాసవాంబను చేసుకుంటామని వాళ్ళే అడుగుతాండారు. నువ్వు వద్దంటే నేను ఇంగో మాట అనను మహానందీ" అన్నాడు. నేను ఊ అన్నాను. నిన్ను అడగకుండానే అన్నాను. నీతో చెప్పడానికి మీ నాయనకు నోరు రావడం లేదు, నేనే రాస్తానని మాటిచ్చాను.

మీ మామ నాతో మాట్లాడడం మానేశాడు. "నా కొడుకు పెండ్లాన్ని ఇంగొకరికి ఇస్తావా?" అన్నాడు. "అది మా యన్న బిడ్డ గూడా. దానికి ఇరవై ఏండ్లు నిండలేదు, కండ్లు తెరిచి చూడు" అన్నాను. కన్యకా పరమేశ్వరి గుడి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. ఆపనీ.

నువ్వు వస్తానంటే నాకెంత ఆశ పుట్టిందో! జాబు చదివి నీ గది ఊడ్చాను, పరుపు ఎండలో వేశాను. తర్వాత దాని పక్కనే కూలబడి ఏడ్చి, పరుపు చుట్టి మళ్ళీ అటక మీద పెట్టాను. వద్దు తల్లీ, కోడలిగా ఈ ఇంటికి రావద్దు. వస్తే మనిద్దరం పొద్దస్తమానం వాడికోసమే వండుకుంటూ బతుకుతాం. నేను ఎట్లాగో బతుకుతాను. నువ్వు అట్లా బతకడం నేను చూడలేను. వచ్చే ఆదివారం శ్రీనివాసులు మీ ఇంటికి వస్తాడు. చూడు, మాట్లాడు. నచ్చకపోతే కాదను, నీ పక్షాన నేనుంటాను. నచ్చితే మాత్రం మాకోసం కాదనవద్దు.

నీ మొదటి పెళ్ళిలో మగపెళ్ళివారి వైపు కుర్చీలో కూర్చుని, కాళ్ళకు నీళ్ళివ్వడం ఆలస్యమైందని మీ అమ్మను కంటతడి పెట్టించాను. ఈసారి మీ వైపు వస్తాను. మీ అమ్మ పక్కన నిలబడి, ఆత్మకూరు వాళ్ళకు కాళ్ళకు నీళ్ళు నేనే ఇస్తాను.

ఇట్లు,
నీ మేనత్త,
మహానందమ్మ