పాచికి మందు

చౌటుప్పల్, ఆదివారం, మార్చి 1992

నా పరిశోధన మొత్తాన్ని ఈ ఉదయం మా బాపు పుక్కిలించి మోరీ కాలువలో ఉమ్మేశాడు.

చెరువు పాచి నుంచి తీసిన నూనెను డీజిలుగా మార్చాలంటే ఉత్ప్రేరకం కావాలి. బొగ్గుపొడికి పెల్లేడియం లోహం పట్టించిన ఆ నల్లటి పొడి మా ల్యాబులో ఉన్నదే ఒక్క చిన్న సీసాడు. బీరువా తాళం చెడిపోయిందని నిన్న నేనే దాన్ని ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాను. అదేందని బాపు మగ్గం మీది నుంచే అడిగాడు. వివరంగా చెప్పే ఓపిక లేక, "పాచికి మందు బాపు" అన్నాను. తప్పు నాదే.

పొద్దున లేచేసరికి సీసా ఖాళీ. బాపు నల్లటి నోటితో మోరీ పక్కన కూర్చున్నాడు.

"పాచికి మందని నువ్వే అంటివి గద బిడ్డా. పండ్లపొడి అయిపోయింది, గిదే పెట్టి తోముకున్న. పక్కింటి సలీం భాయి అడిగితె ఆయనకు గూడ ఇంత ఇచ్చిన."

ఇద్దరి చేతా నాలుగేసి చెంబుల నీళ్లు పుక్కిలింపించాను. మింగలేదని ఒట్టేశారు.

ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది కానీ ఖర్చు కాదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. రేపు ల్యాబులో నా పరిశోధన చూసే సారు ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో... మోరీ మట్టి తవ్వి పట్టుకుపోదామా అని కూడా అనిపించింది.

సాయంత్రం బాపు అద్దంలో పండ్లు చూసుకుంటూ పిలిచాడు.

"మందు మంచిగనే పనిచేస్తాంది బిడ్డా. జర ఉప్పు కలుపుమని మీ సారుకు చెప్పు."