ఎనిమిదింటికి మోగే ఫోన్

బావమరిదికి,

ఆ చివరి రోజు ఏం జరిగిందో ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. పెళ్లైన ఎనిమిదేళ్లలో మేమిద్దరం సెలవులకు వెళ్లడం అదే మొదలు. ఎప్పుడు అడిగినా మీ అక్క, "నాన్న కంట్లో మందు ఎవరు వేస్తారు?" అనేది. ఈసారి నర్సును కుదిర్చి నేనే పట్టుబట్టాను. పొద్దున ఎనిమిదింటికి తను మామయ్య గారికి ఫోన్ చేయబోతుంటే, "ఈ మూడు రోజులైనా నాతో ఉండు" అని ఆ ఫోన్ లాక్కుని, ఆపేసి, నా సంచిలో పెట్టాను. "నీకన్నా చిన్నపిల్లలు నయం" అని నవ్వింది. నేను స్నానానికి వెళ్లగానే కిందికి బయల్దేరింది. "బాబూ, ఒక్క ఫోన్ చేసుకోవచ్చా?" అని లాడ్జి గుమస్తాను పై నుంచే అడిగిందట. మెట్ల మీదే కూలిపోయింది. గుండె ఆగిందన్నారు.

మామయ్య గారు తట్టుకోలేరని, మేమింకా సెలవుల్లోనే ఉన్నామని నువ్వు ఆయనకు చెప్పావు. రెండు నెలలు నీ మాట విని ఇంటికి దూరంగా ఉన్నాను. కానీ ఆయన రోజూ ఎనిమిదింటికి మీ అక్క ఫోన్‌కి చేస్తున్నారు. ఎత్తుతాను, మాట్లాడలేను.

"ఏమ్మా, ఇంకా అవలేదా సెలవులు? మీ ఆయన వదలడా?" అంటారు. రెండుసార్లు హలో అని, "వినపడటం లేదులే, రేపు చేస్తాను" అని పెట్టేస్తారు. ఇవాళ మాత్రం, "నామీద కోపమా తల్లీ?" అని అడిగారు.

నువ్వు ఏమన్నా పడతాను. రేపు పొద్దున ఎనిమిది కాకముందే ఇంటికెళ్లి, గదిలో ఆయన పక్కన కూర్చుని అంతా చెప్తాను. ఫోన్ ఆపింది నేనేనని కూడా.

నీ బావ