హనుమక్క ఇచ్చిన అనుములు

జనవరి 19

సామాను దింపి టెంపో వెళ్ళిపోయింది. మంచం, బీరువా, రెండు ట్రంకు పెట్టెలు, వంట డబ్బాలు, ఆయన, నేను. మగ్గం రాలేదు. ధర్మవరంలోనే ఇచ్చేశాం. నలభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళాడించిన మనిషికి మోకాళ్ళు పోయాయి, ఇంకెందుకది.

ఈ ఇల్లు ఆయన మేనమామది. పిల్లల్లేకుండా పోయాడు. మూడు గదులూ, రెండెకరాల చేనూ మాకొచ్చాయి. బెళుగుప్ప నుంచి ఆటోలో అరగంట. ఎర్రనేల, గాలి... రోజంతా తలుపులు కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఏడుపొచ్చింది. ముందు చీపురు వెతుక్కోవాలి కదా అని ఆపుకున్నాను.

జనవరి 21

పక్కింటామె వచ్చింది. హనుమక్క. అరవై ఐదు దాటి ఉంటాయి. ఒంటరి మనిషి, ఒక్కతే కూతురు, బళ్ళారిలో. గుమ్మంలో నిలబడి ఇల్లంతా కలియజూసి — "ఇద్దరు మనుషులకు ఇంత సామానేందమ్మీ?"

అంటూనే ఒడిలోంచి అనపకాయలు కుమ్మరించింది. ఆమె చేలోవట.

అబ్బ, ఆ వాసన! ధర్మవరంలో ఇన్నేళ్ళూ కొనుక్కు తిన్నాం, ఎప్పుడూ ఇంత లేదు. ఒలుస్తుంటే వేళ్ళకు జిడ్డుగా అంటుకుంది. పులుసు పెట్టి సంగటి చేశాను. ఆయన మూడోసారి వడ్డించుకున్నాడు. ఈ ఊరొచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

సబ్బుతో రెండుసార్లు కడిగినా చేతుల వాసన పోలేదు. పోకపోయినా బాగానే ఉంది.

ఫిబ్రవరి 3

పెరట్లో మడులు కడుతున్నాం. వంగ, మిరప, గోరుచిక్కుడు. ఆయన మోకాళ్ళు మడవలేడు. ఏం చేశాడు? మడి పక్కనే ఓ గుంత తవ్వుకుని, అందులో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని కలుపు తీస్తున్నాడు.

హనుమక్క గోడ మీంచి చూసి ఒకటే నవ్వు. "నీ మొగుడు యాడికి పోయినా గుంత కావాలే!"

నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 9

టమోటా ముక్కలు ఉప్పు చల్లి ఎండబెట్టాను. గంటలో ఎర్రదుమ్ము. కడిగి, మళ్ళీ ఎండబెట్టి, ఈసారి పాత పట్టుచీర కప్పాను. హనుమక్క చూసి నోరు వెళ్ళబెట్టింది. ఊరంతా చెప్పేసినట్టుంది. నా పేరు ఇక్కడ ఎవరికీ తెలీదు, 'ధర్మవరమామె' అంటున్నారు.

ఫిబ్రవరి 12

మేనమామ పోయే ముందు వేసిన కంది మా చేలో ఇంకా నిలబడే ఉంది. కోసి, కట్టెతో కొట్టి, చెరిగాం. ఒక డబ్బా నిండింది. ఇక్కడి నేలలోంచి మా ఇంటికి వచ్చిన మొదటి తిండి. వేసినాయన తినలేదు.

ఫిబ్రవరి 18

హనుమక్క బళ్ళారి వెళుతోంది. రెండు కళ్ళకూ శుక్లాలు. షుగర్ ఉంది కాబట్టి ఎన్ని నెలలు పడుతుందో తెలీదట. వానలకల్లా వస్తానంది.

పోతూ పోతూ నాకొక మూట ఇచ్చింది. విత్తనానికి ఎత్తిపెట్టిన అనుములు, ఆ అనపకాయల గింజలే. ఇల్లు మూసిపెడితే ఎలుకలు తింటాయట.

"మా అత్త ఇచ్చినేవి. అంగట్లో దొరికేవి కాదు. ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టు. బూడిద కలిపి, యాపాకేసి, కుండలో పోసి మూతికి పేడ మెత్తు. అంతే. నీ తెలివి దాంట్లో పెట్టాకు."

ఊళ్ళో ఇంతమంది ఉండగా నాకిచ్చింది! నెల తిరగలేదు మేమొచ్చి. సంతోషంతో సాయంత్రం దాకా ఆ మూట ఎక్కడ పెట్టాలో తోచక ఇల్లంతా తిరిగాను.

ఫిబ్రవరి 20

గింజలు చేటలో పోసుకుని కూర్చున్నాను. నున్నగా, మెరుస్తూ... వీటికి బురద పూయాలా?

పట్టు ముట్టే చేతికి పసుపు కూడా అంటకూడదని మా అత్త చెప్పేది. పెళ్ళయిన కొత్తల్లో నా గోళ్ళు రోజూ చూసేది. నలభై ఏళ్ళుగా నేను నేర్చిందల్లా ఒకటే, మచ్చ పడకుండా దాచడం. ఎన్ని చీరలు దాచానో. ఒక్కదానికి పురుగు పట్టలేదు.

ఫిబ్రవరి 22

బురద లేదు, బూడిద లేదు. రెండు స్టీలు డబ్బాలు. ఒకదాంట్లో ఆమె అనుములు, ఒకదాంట్లో మా కందులు. బట్టలో మూటగట్టి ఒక్కోదాంట్లో నాలుగు కలరా ఉండలు. మూతలు బిగించాను. చూడ్డానికే ఎంత శుభ్రంగా ఉందో.

మార్చి 27

చింతపండు గింజ తీసి, నార తీసి, ఉప్పేసి దంచి ముద్దలు చేశాను. రెండు జాడీలు. వేలి కొనలు పుండ్లు. కోడిపెట్ట పదకొండు పిల్లలు చేసింది. గద్ద ఒకదాన్ని ఎత్తుకుపోయింది. ఆయన గుంతలోంచి లేవలేక కేకలు వేశాడు.

ఏప్రిల్ 14

ఈ రోజు రాయాలంటే సిగ్గుగా ఉంది.

గుగ్గిళ్ళు చేద్దామని కందుల డబ్బా తీశాను. మూత తీస్తే కలరా ఉండల వాసన. నా ముక్కుకది ఇంటి వాసనే, చిన్నప్పటి నుంచీ అందులోనే పెరిగాను. కడిగితే పోతుందనుకున్నాను. నాలుగు నీళ్ళు కడిగి, నానబెట్టి, ఉడికించి, తాలింపు పెట్టాను.

ఆయన ఒక పిడికెడు నోట్లో వేసుకుని పరుగున వెళ్ళి వాకిట్లో ఉమ్మేశాడు. "ఏమే, చీరెల బీరువా నమిలినట్లుండాది!"

మొదట నవ్వాను. ఆయనా నవ్వాడు. తర్వాత ఇద్దరం ఒకేసారి అటకమీది రెండో డబ్బా వైపు చూశాం.

ఏప్రిల్ 15

కందులన్నీ గుంత తీసి పూడ్చేశాం. కోళ్ళకు వేయడానికీ భయమే. మేనమామ ఆఖరి పంట... నా చేతిలో మట్టిపాలయ్యింది.

అనుములు చేటంత గుడ్డ మీద నీడన ఆరబోశాను. ఎంతసేపు ఆరబోసినా అదే వాసన. నాకిప్పుడది ఇంటి వాసనలా లేదు.

ఏప్రిల్ 16

హనుమక్క ఫోన్. ఒక కంటికి ఆపరేషన్ అయిందట. రెండోదానికి షుగర్ తగ్గాలట.

"నా గింజలెట్లుండాయమ్మీ?"

"బాగుండాయక్కా."

"పురుగు పట్టలేదు కదా?"

"ఒక్క పురుగు లేదు."

అది నిజమే. అందుకే ఇంకా ఎక్కువ బాధగా ఉంది.

ఏప్రిల్ 17

అబద్ధం చెప్పాను. ఊరికే రాసుకుంటున్నాను, ఇంకెవరికి చెప్పను.

ఏప్రిల్ 24

పాల కేంద్రం దగ్గర అడిగాను, ఆ పాత అనుములు ఎవరింట్లోనైనా ఉన్నాయా అని. ఎవరూ పెట్టుకోవడం లేదట. అంగడి విత్తనమేనట అందరిదీ, మూడు నెలల్లో కాపుకొస్తుంది. "ఆ కమ్మటి వాసనవి కావాలంటే హనుమక్క కాడికే పోవల్ల," అన్నాడు పాలు కొలిచే ఆయన. "ఆయమ్మ దగ్గర తప్ప ఈ చుట్టుపక్కల యాడా లేవు."



మే 2

మొలకెత్తుతాయో లేదో చూద్దామని పది గింజలు తడిగుడ్డలో చుట్టి నీళ్ళకుండ పక్కన పెట్టాను. ఈ పని ఆయన చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో.

మే 4

ఏమీ లేదు.

మే 5

ఏమీ లేదు. గుడ్డ విప్పి చూస్తున్నానని ఆయన కోప్పడ్డాడు. "దాన్ని వదలమే. నువ్వు చూస్తాంటే అదేం లేస్తాది?"

మే 7

మూడు! చిన్న తెల్లటి తోకలు. మిగతా ఏడూ ఉబ్బి, మెత్తబడి, వేలికి జారిపోయాయి.

మే 16

ఇంకో పది. ఈసారి నాలుగు. మిగతావాటిని ముట్టుకోను. పరీక్షల పేరుతో నేనే తినేసేటట్టున్నాను.

రాత్రికి గాని తట్టలేదు నాకు. చీర మారకుండా ఉండాలని దాస్తాం. గింజను దాచేది అది మారాలని. లోపల ప్రాణమున్న దానికి గాలి ఉండాలి, మన్ను ఉండాలి, అది మన్నుదే కదా. హనుమక్క ఇదంతా విడమర్చి చెప్పలేదు. చెప్పాల్సినంత చెప్పింది. విననిది నేను.

మే 19

ఎర్రమన్ను కలిపి గింజలకు పట్టించాను. ఎండబెట్టాను. బూడిద, వేపాకు, కుండ. పేడ చేత్తో తీసి మూతికి మెత్తాను. మూడు నెలలు ఆలస్యంగా, ఆమె చెప్పింది చెప్పినట్టు. గోళ్ళలో ఎరుపు నిలిచిపోయింది.

మే 28

ఆవకాయ పెట్టాను. కాయ పులుపు బాగుంది. ఒక జాడీ మాకు, ఒకటి హనుమక్కకు. లంచమా, అన్నాడు ఆయన.

జూన్ 17

హనుమక్క వచ్చింది. నల్ల కళ్ళజోడు, చేతిలో చుక్కల మందు. మనిషి చిక్కిపోయింది. ఆపరేషన్ చేసిన కన్ను ఇంకా మసకే, తేటపడడానికి టైం పడుతుందన్నారట. రెండోది చేయనేలేదు.

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. వేరే మాటలు ఎత్తితే ఇక చెప్పలేనని తెలుసు. కుండ తెచ్చి ముందు పెట్టి మొత్తం చెప్పేశాను. స్టీలు డబ్బా, కలరా ఉండలు, గుగ్గిళ్ళు, పదికి నాలుగు.

పేడ పగలగొట్టి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. బూడిదలోంచి, వేపాకులోంచి కూడా కలరా ఉండల వాసన వస్తూనే ఉంది.

"మా అత్త సచ్చేటప్పుడు బంగారం యాడుందో చెప్పలే. గింజల కుండ యాడుందో చెప్పింది."

నేను తల వంచుకున్నాను.

"ఫోన్లో బాగుండాయంటివే?"

గింజలు కుండలో పోసి, కుండ ఇక్కడే వదిలి వెళ్ళిపోయింది. గోడ పట్టుకుని, మెట్టు మెట్టూ తడుముకుంటూ. చెయ్యి అందించబోయాను. విదిలించుకుంది.

జూన్ 19

ఆవకాయ గిన్నె ఆమె గడప దగ్గర పెట్టొచ్చాను.

జూన్ 21

గిన్నె అక్కడే ఉంది.

జూన్ 25

గోడ అవతల ఆమె దగ్గు వినిపిస్తుంది. మా మాటలూ ఆమెకు వినిపిస్తుంటాయి. ఆయన ధర్మవరం వెళ్ళి నాలుగు రోజులుండి వద్దామన్నాడు. పోతే మళ్ళీ రాననిపించింది. వద్దన్నాను.

జూలై 4

నిన్న మధ్యాహ్నం వాన. ఇంటిముందు ఎర్రటి వాగు. పెరట్లో ఆయన గుంత నిండిపోయి బాతులకైనా సరిపోయేటట్టుంది.

ఈ పొద్దు ట్రాక్టర్లన్నీ చేలల్లోనే. హనుమక్క చేలోనూ ఒకటి వేరుశనగ వేసి పోయింది, మధ్యమధ్య అనుముల సాళ్ళు వదిలి. అవి చేత్తోనే వేయాలట.

పదిగంటలకు వాకిట్లో గొంతు. "తే ఆ కుండ."

పరుగెత్తుకుంటూ తెచ్చాను.

"పదికి నాలుగంటివి కదా. ఒగటి వేసేకాడ మూడు వేస్తాం."

"కొన్ని ఉంచుకుందామక్కా, ఒకవేళ..."

"ఏం ఉంచేది? వచ్చే యేటికి ఆ నాలుగు కూడా ఉండవు. అంతా వేసేది."

ఆమె ముందు నడిచింది, కట్టెతో సాలు తడుముకుంటూ. వెనక నేను వంగి మూడేసి గింజలు వేస్తూ, కాలితో మన్ను కప్పుతూ. కుండ అడుగున బూడిద మాత్రం మిగిలింది. వీటిలో ఒక్క గింజ ఇక ఎక్కడా లేదు. ఇంట్లో లేదు, ఊళ్ళో లేదు. ఇంత భయం నాకు ఎన్నడూ లేదు.

జూలై 8

గడప దగ్గర గిన్నె లేదు. తీసుకుందో, కుక్క ఈడ్చుకుపోయిందో. అడగలేదు.

జూలై 12

వేరుశనగ మొలిచింది. దూరానికే పచ్చటి గీతలు. అనుముల సాళ్ళు వట్టివి.

హనుమక్క గట్టు మీద కూర్చుని నన్ను సాలు వెంట నడవమంది. నడిచాను, వంగి, అడుగు తర్వాత అడుగు. ఒక సాలు. రెండు. మూడోది అయిపోవస్తుండగా — రూపాయి బిళ్ళంత మన్ను పెచ్చు పైకి లేచి ఉంది. సందులో ఏదో వంపు తిరిగి, తెల్లగా.

"ఏమన్నా కనపడతాండాదా అమ్మీ?"

వచ్చిందక్కా, బాగుందక్కా... నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏదో లేస్తాండాది. అనపనో, కలుపో... నాకు తెలీదు."

లేచి వచ్చింది. నా భుజం పట్టుకుని మెల్లగా కూలబడి, కళ్ళజోడు తీసి, ముఖం నేలకు ఆనేంతగా వంచింది.

"నాకూ తెలీడంలే," అంది. "మసగ్గా ఉండాది."

ఎండ ఎక్కింది. ఇద్దరం అక్కడే కూర్చున్నాం. గుర్తుకోసం దాని పక్కన ఒక రాయి పెట్టాను. "అంత దగ్గరేందమ్మీ, అది యాడికి లేస్తాది?" అని తిట్టి, తనే చేత్తో తడుముకుని రాయిని జానెడు అవతలికి జరిపింది.